ఆర్కుట్‌ను నిషేధించమన్న నా పాత అర్జీని రద్దు చేయమని కొత్త అర్జీ

ఉక్కునగరం,
విశాఖపట్నం,
18-2-2008.

ఇంటర్మీడియట్ విద్య ప్రాంతీయ పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, విశ్రాంత గణిత ఉపాధ్యాయిని అడ్డాల కనకరత్నం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మనుమరాలు అడ్డాల శ్రీసత్య (ద్వితీయ ఇంటర్, ఎం.పి.సి.) హాల్ టికెట్టు నిలుపుదల – అందుకు కారణమైన నేరము నాది అగుట – ఆ నేరము చేసిన మనిషిని నేనేనని కళాశాల వారు నమ్మకపోవుట – గురించి.

సూచిక: 1) ఇదే విషయమై, దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, తమ కార్యాలయానికి నేనే పంపిన 6-8-2007 నాటి అర్జీ. 2) కళాశాల తల్లిదండ్రుల సమావేశంలో 12-8-2007న ఆమోదించిన తీర్మానం. రచన: నేనే.

1. నా వయస్సు అరవై ఎనిమిది. మునిసిపల్ బాలికోన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. నా భర్త శ్రీరామ్మూర్తి గారు పోర్టులో టాలీ క్లర్కుగా, అనగా ఓడలోకి ఎక్కే బస్తాలను, దిగే బస్తాలను లెక్కపెట్టే ఉద్యోగంలో పనిచేశారు. రామచంద్రపురం నుంచి మేము ఈ ఊరు వచ్చి నలభై మూడేళ్ళయింది. ప్రస్తుతం స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్‌గా ఉన్న మా అబ్బాయి కామరాజు క్వార్టరులో ఉంటున్నాము. శ్రీసత్య కామరాజు కూతురు. గాజువాకలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో చదువుతోంది. కళాశాల పేరు విడి కాగితం మీద రాసి జతపరిచాను. దానిని నలుగురిలో పెట్టడం నా ఉద్దేశం కాదు.

2. గత ఆగస్టులో ఒకనాడు మా ఇంటి కంప్యూటరులో శ్రీసత్య ఒక పేజీ తెరిచి ఉండగా నేను వెనుక నుంచి చూశాను. నిండా మొహాలు. ఏమిటిది అంటే ఆర్కుట్ అంది. దేశంలోని పిల్లలందరూ తమ పేరు, ఫొటో పెట్టుకొని ఒకరి గోడ మీద ఒకరు రాసుకొనే చోటు అని అర్థమైంది. గోడల మీద రాసే పిల్లలను ముప్పై ఒక్క సంవత్సరాలు బెంచీ ఎక్కించిన దానిని. ఆ సాయంత్రమే తమ కార్యాలయానికి నాలుగు పేజీల అర్జీ రాశాను. దానికి జవాబు రాలేదు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు తమ కార్యాలయం ఆలస్యానికి సర్వదా కృతజ్ఞురాలను.

కళాశాల వారు మాత్రం ఆలస్యం చేయలేదు. ఆ తరువాతి ఆదివారం తల్లిదండ్రుల సమావేశంలో నేను లేచి మాట్లాడాను. ప్రిన్సిపాల్ గవర్రాజు గారు చప్పట్లు కొట్టి, "మీరే రాసి ఇచ్చీండమ్మా తీర్మానం, మేం సంతకాలెట్టీస్తాం" అన్నారు. రాశాను. "సదరు ఆర్కుట్‌లో ఏ విద్యార్థి పేరు ఏ రూపమున కనిపించినను, కారణము విచారింపక, హాల్ టికెట్టు నిలుపుదల చేయవలెను." ఎవరూ తప్పించుకోవడానికి వీలు లేకుండా, ఒక్క సందు కూడా వదలకుండా రాశాను. గత మూడు వారాలుగా ఆ వాక్యంలో నా మనుమరాలు పట్టేంత సందు వెదుకుతున్నాను. దొరకడం లేదు. అంత బాగా రాశాను.

3. నిషేధం ఎంతవరకు అమలవుతోందో స్వయంగా తనిఖీ చేద్దామని 3-9-2007న, పిల్ల కళాశాలకు వెళ్ళాక, కంప్యూటరు ముందు కూర్చున్నాను. లోపలికి చూడాలంటే మనం కూడా సభ్యత్వం తీసుకోవాలట. ఒక ఫారం వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషికి ఫారం అనేది ఒక ప్రమాణపత్రం. ఏ గడీ ఖాళీగా వదలరాదు, ఏ గడిలోనూ అబద్ధం రాయరాదు. ఈ అర్జీకి మూలమైన తప్పు ఇక్కడే జరిగింది.

పేరు: అడ్డాల కనకరత్నం. వయస్సు: 68. మీలో మొదట కనిపించేది ఏమిటి అని ఉంది. కళ్ళజోడు అని రాశాను. మీ పడకగదిలో ఏముంటుంది అని ఉంది. ఈ ప్రశ్న ఎవరు తయారుచేశారో గాని, అడిగారు కనుక, రెండు నవారు మంచాలు, ఒక అమృతాంజనం సీసా, లాగరిథమ్స్ పట్టిక అని రాశాను. గత సంబంధాల వల్ల మీరు నేర్చుకున్నది ఏమిటి అంటే, వియ్యపురాలికి చేబదులు ఇవ్వరాదని రాశాను. వైవాహిక స్థితి అన్నచోట అయిదు రకాలు ఇచ్చారు. అందులో కొన్నింటిని చూసి ఆయనను కాసేపు వరండాలోకి వెళ్ళమన్నాను.

ఆయన అక్కడి నుంచే, "ఏమేవ్, ఫొటో కూడా అడుగుతుందటే. పెన్షను పుస్తకంలోది ఇచ్చెయ్. ప్రభుత్వం ఒప్పుకున్న ఫొటో, దానికి తిరుగులేదు" అన్నారు.

సబబుగా తోచింది. జిరాక్సు షాపులో దానినే కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చారు. దంపతులిద్దరమూ, మూల మీద సగం ట్రెజరీ ముద్రతో సహా, ఆర్కుట్‌లో ఉన్నాము.

4. లోపల శ్రీసత్య గత జూన్‌లో మొదలుపెట్టిన ఒక సంఘం కనిపించింది. పేరు 'లెక్కల గండం'. ఆమెతో కలిపి ఇరవై ముగ్గురు, అందరూ ఆమె తోటి విద్యార్థులు. నిషేధం వచ్చి మూడు వారాలైనా నడుస్తూనే ఉంది. పేర్లన్నీ రాసుకొని గవర్రాజు గారికి అందజేద్దామని కలం తీశాను. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు వీళ్ళు. చదవడానికి కళ్ళు నొప్పి పుట్టాయి గాని చదివాను.

సబ్బవరం నుంచి బస్సులో వచ్చే గ్రేసీ అనే అమ్మాయి ఒక లెక్క అడిగింది. అయిదుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు ఒక గుండ్రని బల్ల చుట్టూ, ఏ ఇద్దరు అమ్మాయిలూ పక్కపక్కన రాకుండా ఎన్ని విధాలుగా కూర్చోగలరు? టిమోతి అనే కుర్రవాడు నలభై మూడు వేల రెండు వందలు అని జవాబిచ్చాడు. వరుసగా బెంచీ మీద కూర్చోబెట్టినట్టు చేశాడు, గుండ్రటి బల్ల సంగతి మరిచాడు. దాని కింద పదిహేడు మంది "థాంక్స్ అన్నా" అని రాసి ఉన్నారు.

అయ్యా, నేను తనిఖీకి వెళ్ళిన మాట నిజం. కాని తప్పు జవాబు కింద పదిహేడు కృతజ్ఞతలు చూసి కలం మూసి ఇంటి పని చూసుకోగల లెక్కల టీచరు ఈ జిల్లాలో ఉంటే తమరు ఆమెకు పురస్కారం ఇప్పించవచ్చు. నేను కాదు. "నాయనా టిమోతీ, గుండ్రని బల్లకు మొదలు, చివర ఉండవు. ఒక అబ్బాయిని స్థిరంగా కూర్చోబెట్టి మళ్ళీ చేసి చూపుము" అని రాశాను.

దానికి వచ్చిన జవాబులను తెలుగు లిపిలోకి మార్చి ఇస్తున్నాను.

టిమోతి: "ఎవుడ్రా బాబూ నువ్వు? మామ్మ ఫొటో ఎట్టుకుని మమ్మల్ని బెదిరిత్తన్నావేటి?"

గ్రేసీ: "ఒరే టిమోతీ, ఆయమ్మ సెప్పిందే కరట్టురా. నాను సేసి సూసినాను. రెండు వేల ఎనిమిది వందల ఎనభై వత్తంది."

టిమోతి (మరునాడు): "అవునే, వత్తంది. సారీ మామ్మగారూ. మీరు నిజంగా ముసిలోళ్లేనా?"

అవునని, ఫారంలో రాశానని జవాబిచ్చాను.

5. ఆ సాయంత్రమే శ్రీసత్య వంటింట్లోకి వచ్చి నిలబడింది. నేను బెండకాయలు తరుగుతున్నాను.

"మామ్మా, నువ్వే బ్యాన్ చేయించీసి నువ్వే వచ్చీసేవేటి?"

"నువ్వు నిషేధం తరువాత కూడా ఎందుకు నడుపుతున్నావు? ముందు అది చెప్పు."

"గ్రేసీకి ట్యూషన్ లేదు మామ్మా. ఆల ఊళ్ళో నెట్ సెంటర్ ఉంది, అంతే. సాయంత్రం అడిగి ఎళ్ళిపోద్ది, మర్నాడు వచ్చి జవాబు సూసుకుంటాది. క్లాసులో లేచి అడగాలంటే బయ్యం దానికి. మూసీమంటే మూసీస్తాను. మరి దానికెవులు సెప్తారు?"

సందేహం అడిగే పిల్లకు ఎవరైనా చెప్పగలరు. అడగడానికి భయపడే పిల్లకు చెప్పడమే కష్టం. ముప్పై ఒక్క సంవత్సరాలలో అలాంటి పిల్లలు నా ముందు ఎందరు నోరు విప్పకుండా వెళ్ళిపోయారో నా దగ్గర లెక్క లేదు. నా దగ్గర లెక్క లేనిది అదొక్కటే.

మూయవద్దన్నాను. నేను ఇందులో ఉన్న సంగతి మాత్రం కళాశాలలో ఎవరికీ తెలియరాదని మాట తీసుకున్నాను. తీర్మానం రాసిన మనిషిని కదా, నలుగురిలో పరువు పోతుందనుకున్నాను. ఆ మాట తీసుకోవడం నా రెండవ తప్పు. మొదటి తప్పు కంటే పెద్దది.

6. ఆ తరువాత సంఘంలో కొన్ని నిబంధనలు పెట్టాను. ఎంతవరకు చేశారో రాయకుండా సందేహం అడగరాదు. రోజుకు ఒకరికి పాతిక నిమిషాలే. జవాబును ముందు నోటుబుక్కులో మార్జిను గీసి చేసుకున్నాకే ఇక్కడ రాయాలి. మొదటి వారం ముగ్గురు పారిపోయి, పరీక్షలు దగ్గరపడ్డాక తిరిగి వచ్చారు. నేను పనిదినాల్లో పదకొండు నుంచి పదకొండు గంటల నలభై నిమిషాల వరకు కూర్చునేదాన్ని. నేను చెబితే ఆయన టైపు కొట్టేవారు. ఒక్కో అక్షరం వెదుక్కుంటూ, "ఏమేవ్, ఈ క్యూ ఎక్కడ దాచారే? నిన్న ఇక్కడే ఉండాలే" అనేవారు.

జనవరి 28 వరకు సంఘంలో వచ్చిన సందేశాలు మొత్తం 1,146. వాటిలో లెక్కలకు సంబంధించినవి 871. సినిమా హీరోలలో ఎవరు గొప్ప అన్నవి 148. నా మీద ఎగతాళి 96. ఒకరి మీద ఒకరికి గల అభిమానం తెలుపునవి 31. ఈ ముప్పై ఒకటిని నేను చదవలేదు, లెక్కించాను. ఆ ఇరవై ముగ్గురి సగటు మార్కులు లెక్కలలో డెబ్బై అయిదుకు త్రైమాసికంలో 31, అర్ధసంవత్సరంలో 46. గ్రేసీకి 19 నుంచి 52.

కనుక ఆర్కుట్ మంచిదా, చెడ్డదా అని తమరు అడిగితే నా విన్నపం ఇది. అది బడి ఎదుటి అరుగు. పెద్దవాళ్ళు ఒకరు వచ్చి కూర్చుంటే పిల్లలు చదువుకుంటారు, లేకపోతే గోలీలాడుకుంటారు. ఒక్కొక్కప్పుడు పెద్దవాళ్ళు కూర్చున్నా ఆడతారు, 148 సార్లు ఆడారు. అరుగు పగలగొట్టించమని నేను తమకు రాశాను. నేనే వెళ్ళి కూర్చుంటానని రాయవలసింది.

7. గత నెల 28వ తేదీన వైస్ ప్రిన్సిపాల్ గారు సంఘాన్ని కనిపెట్టి నలభై ఒక్క పేజీలు అచ్చుతీయించారు. ఇరవై ఇద్దరు పిల్లలు క్షమాపణ పత్రం మీద సంతకం చేసి హాల్ టికెట్లు తీసుకున్నారు. సంఘం మొదలుపెట్టినది శ్రీసత్య కనుక ఆమెను గదిలోకి పిలిచారు. ఆమె మీద తీర్మాన ఉల్లంఘనతో పాటు ఇంకొక నేరం కూడా మోపారు. గౌరవనీయురాలైన అడ్డాల కనకరత్నం గారి పేరిట ఎవరో పోకిరీ చేత దొంగ ఖాతా తెరిపించి, ఆ పెద్దావిడను అపహాస్యం చేసిందట.

"అమృతాంజనమేటి, నవారు మంచాలేటి?" అని గవర్రాజు గారు కాగితాలు బల్ల మీద కొట్టారట. "సొంత మామ్మని ఇంత ఎటకారం చేత్తావా? ఆవిడ పెన్షను ఫొటో ఎత్తుకెళ్ళి ఎవుడికిచ్చావ్? వాడి పేరు చెప్పీ, హాల్ టికెట్టిచ్చీస్తాను."

"వాడు కాదండి. పెద్దావిడండి" అందట శ్రీసత్య.

"అరవై ఎనిమిదేళ్ళ ముసలమ్మ ఆర్కుట్లో లెక్కలు చెప్తాదా? నా చెవిలో పువ్వులెడతన్నావా?"

ఆ పై ఒక్క మాట కూడా మాట్లాడలేదట. నాకిచ్చిన మాట నిలుపుకుంది. ఆర్కుట్‌లో కోట్లమంది ఏవేవో పేర్లతో, ఏవేవో సినిమావాళ్ళ ఫొటోలతో ఉంటారని తరువాత తెలుసుకున్నాను. వాళ్ళెవరినీ ఎవరూ అనుమానించలేదు. అన్ని గడులూ నిజంతో నింపిన నా ఒక్క ఖాతాయే దొంగదని తేలింది.

8. మరునాడు గవర్రాజు గారు మా ఇంటికి ఫోను చేశారు. "అమ్మా, మీ పేరు మీద ఏదో చెత్త రాసీసారు. మీరేం బెంగెట్టుకోకండి. ఆ ఎదవెవడో నాను పట్టుకుంటాను" అన్నారు. నేను ఏమన్నానో తమరికి దాచను. "అలాగే బాబూ" అన్నాను. అన్నాక ఫోను పెట్టేశాను. పక్కనే ఉన్న ఆయన, "అదేమిటే, నువ్వే ఆ ఎదవవి కదా" అన్నారు. నేను లోపలికి వెళ్ళిపోయాను. నాలుగు రోజులకు కోపం చల్లారి గవర్రాజు గారే టికెట్టు ఇచ్చేస్తారులే అనుకున్నాను. అలా తొమ్మిది రోజులు నోరు మెదపలేదు. ఈ తొమ్మిది రోజులకు సంజాయిషీ నా వద్ద లేదు.

9. ఫిబ్రవరి 7న మా వారిని వెంటబెట్టుకొని కళాశాలకు వెళ్ళి, ఆ మనిషిని నేనే అని ఒప్పుకున్నాను. గవర్రాజు గారు లేచి నిలబడి నాకు నమస్కారం చేశారు.

"మనవరాలి కోసం తప్పు మీ మీదేసుకుంటన్నారు. ఎంత పెద్ద మనసమ్మా మీది!"

"మనసు కాదు బాబూ, నిజం. ఆ రాతలన్నీ నావి."

"తెలుసమ్మా, తెలుసు. కాఫీ తెప్పించనా?"

పెన్షనరు బతికే ఉన్నాడని నవంబరులో బ్యాంకు మేనేజరు సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం నకలు చూపించాను. గవర్రాజు గారు దానిని శ్రద్ధగా చదివి, "మీరు బతికున్నారంటే నమ్ముతానమ్మా. ఆర్కుట్లో ఉన్నారంటేనే నమ్మను" అన్నారు.

అయితే ఇక్కడే, ఇప్పుడే మీ కంప్యూటరులో తెరిచి చూపిస్తానన్నాను. గవర్రాజు గారు తెరవబోయారు. రాలేదు. కళాశాల కంప్యూటర్లలో సదరు ఆర్కుట్ తెరుచుకోకుండా శాశ్వతముగా బంధించవలెనని తీర్మానంలో మూడవ నిబంధన ఉంది. అది కూడా నేనే రాశాను. ఆయన కాఫీ తెప్పించారు. తాగి వచ్చేశాము.

10. కావున తమ పరిశీలనకు ఈ క్రింది ఆధారాలు సమర్పిస్తున్నాను. సంఘంలో నా జవాబులన్నీ పనిదినాల్లో పదకొండుకూ, పదకొండు గంటల నలభై నిమిషాలకూ మధ్య నమోదై ఉన్నాయి. ఆ వేళల్లో శ్రీసత్య తరగతిలో ఉన్నట్టు కళాశాల హాజరుపట్టీయే చెబుతుంది. ఒక్కరోజు కూడా గైర్హాజరు లేదు. జవాబుల మొదటి ప్రతులు నా చేతిరాతతో, తేదీలతో మూడు నోటుబుక్కులలో ఉన్నాయి. జతపరిచాను. ఇంకా అనుమానముంటే తమరు ఏ లెక్క అయినా ఇచ్చి, ఏ కంప్యూటరు ముందైనా నన్ను కూర్చోబెట్టవచ్చు. టైపు కొట్టడానికి మాత్రం ఆయన ఉండాలి.

నా ప్రార్థనలు మూడు. శ్రీసత్య హాల్ టికెట్టు వెంటనే ఇప్పించవలెను. పరీక్షలకు నేటికి పదహారు రోజులే ఉన్నాయి. 12-8-2007 నాటి తీర్మానాన్ని రద్దుచేసి, "కారణము విచారించిన పిమ్మట" అన్న మాటలతో నేను తిరిగి రాసి జతపరిచిన తీర్మానాన్ని కళాశాలకు పంపించవలెను. తీర్మానం ప్రకారం దోషికి శిక్ష పడవలసిందేనని కళాశాల వారు పట్టుబడితే, అది ఏదైనా నాకు వేయవలెను. హాల్ టికెట్టు అయితే నా వద్ద లేదు. 1962లోదే ఆఖరు.

ఇందలి ప్రతి అంకె సరిచూసి రాశాను. తమరు ఓపికతో చిత్తగించి, గడువు దాటకుండా ఉత్తరువు దయచేయవలెనని వేడుకొంటూ,

తమ విధేయురాలు,
అడ్డాల కనకరత్నం
(68 సంవత్సరాలు, వాస్తవము)

తా.క.: కవరు అంటించబోతుండగా శ్రీసత్య వచ్చి ఇదంతా చదివింది. "వద్దు మామ్మా, పంపొద్దు. వచ్చే ఏడు రాసుకుంటాన్లే. ఇది బయటికొస్తే ఊరంతా నిన్ను చూసి నవ్వుతారు" అంది. అని నవ్వబోయింది. రాలేదు.

బాబూ, తమరు నా కంటే పాతికేళ్ళయినా చిన్నవారై ఉంటారు, అందుకని ఇలా రాస్తున్నాను. పదిహేడేళ్ళ పిల్ల నా పరువు కోసం తన చదువులో ఒక ఏడాది ఇచ్చేస్తానంటోంది. నా పరువు అంత చేయదు నాయనా. ఎక్కడ తీసివేసి, ఎక్కడ కూడినా అంత రాదు. దాని హాల్ టికెట్టు దానికి ఇప్పించెయ్యి. నవ్వేవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.